పద్దెనిమిది గేజు రేకు

మా బావకి రేకు తప్ప ప్రపంచంలో ఇంకేమీ తెలియదు. ఆ రేకు కూడా తెలియదని తేలడానికి నలభై ఏళ్లు పట్టింది.

బావంటే మా అక్క భర్త. పాత కార్లకి తుప్పు పట్టిన చోట కోసేసి, కొత్త రేకుని వంపు తిప్పి అతికించే టింకరింగ్ మేస్త్రి. పందొమ్మిదో ఏట మా నాన్న షెడ్డులో పనివాడిగా చేరాడు. ఇరవై ఆరో ఏట ఆ ఇంటికే అల్లుడయ్యాడు. నాన్న పోయాక ఆ షెడ్డుకే పెద్దయ్యాడు. ఇప్పుడు యాభై తొమ్మిది. జీవితంలో ఇంతకంటే తక్కువ దూరం నడిచిన మనిషిని నేను చూడలేదు. షెడ్డు ముందు భాగంలో ఆయన సుత్తులు, మధ్యలో తెర కట్టుకుని పెయింటరు, వెనక కిటికీ పక్కన నా కుట్టుమిషను. నేను కారు సీట్లు కుడతాను. ముప్పై ఏళ్లుగా ఆయన సుత్తి చప్పుడూ, ఆయన గొప్పలూ రెండూ వింటూనే కుడుతున్నాను. రెండిట్లో చప్పుడే నయం.

గొప్పలన్నీ గేజు గురించే. రేకు మందాన్ని గేజుల్లో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ రేకు పలచనవుతుంది. ఈ తిరకాసు తెలియనివాళ్లు ఎవరైనా షెడ్డుకి వస్తే బావకి ఆ రోజు కడుపు నిండినట్టే. ఒకసారి సూటు వేసుకున్న పెద్దమనిషి వచ్చి, "ఖర్చుకి వెనకాడకండి మేస్త్రీ, ఇరవై ఆరు గేజు వెయ్యండి, గట్టిగా ఉండాలి" అన్నాడు. ఇరవై ఆరంటే చూరు కింద వాననీటి గొట్టాలకి వాడే రేకు. బావ చేతులు కట్టుకుని "అలాగే సార్" అని, ఆయన వీధి మలుపు తిరిగాక నేల మీద కూలబడి మరీ నవ్వాడు. ఆ కథ మాకు వారానికొకసారి చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ సూటు ఖరీదు పెరుగుతూ వచ్చింది.

ఆ పెద్దమనిషి తప్పు పలచన వైపు, మా బావ తప్పు మందం వైపు. తేడా అంతే. బండి ఏ దేశానిదైనా, ఏ ఏడాదిదైనా, చెడింది మడ్‌గార్డైనా తలుపైనా డిక్కీ మూతైనా, బావ దగ్గర ఒకటే మందు: పద్దెనిమిది గేజు. "మామయ్య మాట," అనేవాడు. "పాత బండి అంటే పద్దెనిమిది. ఆ రోజుల్లో అన్నీ గట్టివి. ఇప్పటి బళ్లలా కాగితాలు కావు." మా నాన్న మాట ఆయనకి వేదవాక్కు. కొలిచి చూసే పని లేదు, అడిగే పని లేదు, ఆలోచించే పని అసలే లేదు. బుర్రకి అంత విశ్రాంతి ఇచ్చిన మనిషి నూరేళ్లు బతుకుతాడని నేను ఎగతాళి చేసేదాన్ని.

నాన్న ఆ మాట అన్నది నిజమే. ఎందుకన్నాడో కూడా నాకు తెలుసు. నాన్న కాలంలో కొత్త రేకు దొరకడం గగనం. దొరికేవల్లా ఖాళీ ఇంజనాయిలు డ్రమ్ములు. పైమూతా అడుగూ కోసేసి, నిలువునా చీల్చి, చదును చేసి వాడుకునేవాడు. ఆ డ్రమ్ముల రేకు పద్దెనిమిది గేజు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. కోసేటప్పుడు రేకు ఎగిరిపడకుండా నన్ను దాని మీద కూర్చోబెట్టేవాడు. ఎవరైనా ఇంత మందం ఎందుకని అడిగితే, ఇంకేమీ దొరకలేదని చెప్పుకోవడానికి నామోషీ. అందుకని మీసం దువ్వి, "పాత బండికి పద్దెనిమిదే వెయ్యాలి" అనేవాడు. నాన్న లేమిని దాచుకోవడానికి చెప్పిన ముక్కని మా బావ నెత్తిన పెట్టుకుని ఊరేగాడు.

బావ మా షెడ్డుకి వచ్చేనాటికి డ్రమ్ముల గోల అయిపోయిందనీ, ఆయనకి ఆ సంగతి తెలియదనీ నా నమ్మకం. చెబుదామని చాలాసార్లు నోటి దాకా వచ్చింది. కానీ నాన్న పోయిన రోజు వచ్చినవాళ్లంతా "ఆయన చెయ్యి అల్లుడికిచ్చి పోయాడు" అన్నారు. ఆ మాట పట్టుకుని అక్క ఎంత ఏడ్చిందో, ఎంత మురిసిందో చూశాను. ఇరవై నాలుగేళ్లుగా ఇంటికి ఎవరొచ్చినా ఆ మాటే చెబుతుంది. దాని మీద నీళ్లు చల్లడం ఎందుకని ఊరుకున్నాను.

ఊరుకుంటే కొంప మునిగే రోజు వచ్చింది.

ఆ రోజు పళ్ల డాక్టరు రూపంలో వచ్చింది. ఆయనకి ఏడు పాత కార్లు. రిటైరయ్యాక జనం నోళ్లు వదిలేసి ఇంజన్ల నోళ్లు తెరవడం మొదలుపెట్టాడు. కారుని ముట్టుకునే ముందు చేతులు కడుక్కునే మనిషిని ఆయన్నే చూశాను. ఒక ఆకుపచ్చ కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. ముందు మడ్‌గార్డులు రెండూ అడుగున తుప్పు తినేసి, వేలు పెడితే రాలిపోతున్నాయి.

"ఇది బాగా వస్తే మిగతా ఆరూ మీకే మేస్త్రి గారూ," అన్నాడు డాక్టరు. "రాకపోతే ఎదురుగా కంపెనీ వర్క్‌షాపుకి ఇచ్చేస్తా. వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు."

ఆరు కార్లంటే మూడేళ్ల పని. అది చేజారితే షెడ్డు ముందు భాగం మూసుకోవడమే. ఆ ఏడాది మొత్తం మీద బావ చేతికి వచ్చింది రెండు తలుపులూ ఒక బానెట్టూను. ఎదురు వర్క్‌షాపు మేనేజరు అప్పటికే ఒకసారి వచ్చి వెళ్లాడు. మెడలో తాడు, తాడుకి బిళ్ల, బిళ్ల మీద వాడి మొహమే ఇంకోటి. "మా దగ్గర చేరిపోండి పెద్దాయనా. పాత బంపరు విప్పడం, కొత్తది బిగించడం. సుత్తి పట్టే పనే ఉండదు, హాయి" అన్నాడు. సుత్తి ఉండదన్న మాటకి బావ రెండు పూటలు భోజనం మానేశాడు.

డాక్టరు బావని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఎంత మందం వేస్తున్నారు?"

"పద్దెనిమిది గేజు సార్. చూసుకోనక్కర్లేదు."

డాక్టరు జేబులోంచి చిన్న పెట్టె తీశాడు. అందులో వెల్వెట్టు గుడ్డలో మందం కొలిచే మైక్రోమీటరు. ఆయన పళ్లకి కూడా అంత మర్యాద చేసి ఉండడు. "లోపల బ్రాకెట్టు కింద తుప్పు తగలని చోట, రెండు వైపులా పెయింటు గీకి కొలిచాను. మిల్లీమీటరు లేదు. ఇరవై గేజు. మీ పద్దెనిమిది దాదాపు ఒకటింబావు."

"తుప్పు తిన్నాక అంతే ఉంటుంది సార్. పుట్టినప్పుడు మందంగానే పుట్టింది."

"తుప్పు తగలని చోటే కొలిచానంటున్నాను కదా."

"కొడితే రేకు సాగుతుంది, సాగితే పలచబడుతుంది. అందుకే మందంతో మొదలెట్టాలి. అది మా మామయ్య లెక్క."

"కాస్త పలచబడుతుంది, కాదనను. మరీ పావు వంతు కాదు," అన్నాడు డాక్టరు. "పిప్పి పన్నులో మరీ గట్టి సిమెంటు నింపితే అది బాగానే ఉంటుంది. నమిలినప్పుడు పక్కనున్న పంటి గోడ పగులుతుంది. ఇది కూడా అంతే అనుకుంటా."

"పళ్ల సంగతి మీరు చూసుకోండి సార్, రేకు సంగతి నాకు వదిలెయ్యండి," అన్నాడు మా బావ. నేను సూది వేలికి గుచ్చుకున్నాను. ఆరు కార్ల మనిషితో ఆ మాట! డాక్టరు మాత్రం మైక్రోమీటరుని మళ్లీ వెల్వెట్టులో పడుకోబెట్టి, "మీ ఇష్టం" అని వెళ్లిపోయాడు.

ముందు ఎడమ మడ్‌గార్డు ఒక్కటీ చేసి చూపిద్దామని బావ నాలుగు రోజులు కొట్టాడు. పద్దెనిమిది గేజు రేకు ఆ మడ్‌గార్డు వంపు తిరగనంటే తిరగనంది. ఇసుక సంచి మీద పెట్టి కొట్టి, కాల్చి, మళ్లీ కొట్టి, భుజం పట్టేసి రాత్రిళ్లు అక్క చేత తైలం రాయించుకుని, ఎలాగో లొంగదీశాడు. అతికేటప్పుడు ఇంకో తిప్పలు. మందం రేకు కరగడానికి పెట్టిన మంట పక్కనున్న పలచ రేకుని అలలు అలలుగా ముడతలు పెట్టేసింది. ఆ ముడతలు కప్పడానికి పుట్టీ. పుట్టీ చూసి పెయింటరు పళ్లు నూరాడు. ఎంత పుట్టీ పట్టిందో గోడకి వేస్తే ఒక గది తేలేది. చివరికి రంగు పడ్డాక ఎడమ మడ్‌గార్డు తళతళలాడింది. బావ రోడ్డు మీదకెళ్లి నడుం మీద చెయ్యేసుకుని, ఎదురు వర్క్‌షాపుకి వినబడేలా దగ్గాడు.

మూడు వారాలకి కారు తిరిగొచ్చింది. అతుకు పక్కన జానెడు పొడుగున పగులు. బావ రేకు చెక్కుచెదరలేదు. కారుతో పాటే పుట్టిన పాత రేకు చిరిగింది. బిగుసుకున్న మందం ముక్క కదలదు కాబట్టి, రోడ్డు మీద ప్రతి కుదుపూ పక్కనున్న పలచదే మోసింది. డాక్టరు అరవలేదు. అరిచినా బాగుండేది.

"దాన్ని తర్వాత చూద్దాం. కుడి మడ్‌గార్డు ఉంది కదా," అన్నాడు. "దాన్ని చేసి చూపించండి. వచ్చే సోమవారం వస్తా. అది చూసి తేల్చుకుంటా."

అంటే ఆరు కార్లూ, షెడ్డూ, మా బావ సుత్తీ అన్నీ ఆ కుడి మడ్‌గార్డు మీద వేలాడుతున్నాయి. వారం రోజులు గడువు. మర్నాడు పొద్దున్నే బావ రేకుల కొట్టుకెళ్లి వచ్చాడు. చుట్టిన రేకు భుజం మీద నుంచి దించాడు. దించేటప్పుడు ఆ బరువు చప్పుడుకే నాకు అర్థమైంది. మళ్లీ పద్దెనిమిది.

నేను మిషను ఆపి ఒంటికాలి మీద లేచాను.

"నీకసలు బుద్ధుందా బావా? కళ్ల ముందు పగిలి కనపడుతుంటే మళ్లీ అదే తెస్తావా?"

"మామయ్య మాట…"

"మామయ్యా లేదు, మాటా లేదు! నాన్న వేసింది డ్రమ్ము రేకు. ఖాళీ నూనె డ్రమ్ము. వేరే దొరక్క వేశాడు. దాని మీద నేను కూర్చుంటే నాన్న కోశాడు. పాత బండికీ పద్దెనిమిదికీ ఏ సంబంధమూ లేదు. నీకు తెలీదు కాబట్టి చెబుతున్నాను."

తెర వెనక పెయింటరు స్ప్రే ఆగిపోయింది. బావ రేకు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆయన మొహం పాలిపోతుందనుకున్నాను. పాలిపోలేదు.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"డ్రమ్ముల సంగతి. ఆఖరి పది డ్రమ్ములు కోసింది నేనే. నువ్వు బడికెళ్లాక వెనక దొడ్లో కోసేవాళ్లం. మామయ్య చూస్తుండగా కోసేవాణ్ణి."

నేను మిషను దగ్గర స్టూలు మీద కూలబడ్డాను.

"మరి తెలిసి తెలిసి…"

"ఆయన పోయాక మార్చుదామనుకున్నా. ఇరవై గేజు కొని తెచ్చా కూడా. ఆ రోజే మీ అక్క పక్కింటివాళ్లతో, ఆయన చెయ్యి మా ఆయనకి వచ్చిందని చెబుతోంది. నేను రేకు మారిస్తే ఆయన తప్పని చెప్పినట్టే కదా. మీ ఇద్దరికీ తండ్రి. ఎలా చెప్పను?" అన్నాడు. "ఆ ఇరవై గేజు వెనక్కిచ్చేసి వచ్చా."

భోజనం డబ్బాతో అక్క గుమ్మంలో నిలబడి ఉందని మేమిద్దరం అప్పుడు చూశాం. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. డబ్బా నా మిషను మీద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"డ్రమ్ముల నూనె పట్టిన నాన్న చొక్కాలు ఎవరు ఉతికారనుకున్నారు? నేనే," అంది. "సబ్బుకి వదిలేవి కావు. పద్దెనిమిది కథ నాన్న కస్టమర్లకి చెబుతుంటే లోపల నవ్వుకునేదాన్ని. మీరు నిజంగా నమ్ముతున్నారేమోనని, పాపం మీ మనసు ఎందుకు కష్టపెట్టాలని నేనే నోరు మూసుకున్నానండీ."

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఒకరి మనసు ఒకరు కాపాడుతున్నామనుకుంటూ ఇరవై నాలుగేళ్లు ఊళ్లోవాళ్ల మడ్‌గార్డులు పాడుచేశాం. ఇంత తెలివైన కుటుంబం ఇంకోటి ఉంటుందా? తెర పక్కకి జరిపి పెయింటరు తల బయట పెట్టాడు. "డ్రమ్ములు మోసుకొచ్చింది మా నాన్న రిక్షా మీదే మేస్త్రీ," అన్నాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు.

బావ ఆ మధ్యాహ్నమే పద్దెనిమిదిని వెనక్కిచ్చి ఇరవై తెచ్చాడు. డాక్టరు దగ్గర మైక్రోమీటరు అడిగి తెచ్చుకున్నాడు, నోరు తెరిచి అడగడానికి ఆయన గుమ్మం ముందు ఎంతసేపు నీళ్లు నమిలాడో ఏమో. పెయింటు గీకి తానే కొలిచాడు. అంకె చూసి తలూపాడు. ఇక గండం గడిచిందనుకుని నేను సీటు కుట్టుకోవడంలో పడ్డాను. అదే నా తెలివితక్కువతనం.

రేకు మారింది కానీ చెయ్యి మారలేదు. నలభై ఏళ్లు మందం రేకుని లొంగదీసిన చెయ్యి అది. మోచేతి నుంచి దెబ్బ పడటం దానికి అలవాటు. ఇరవై గేజుకి మణికట్టు చాలు. బావ మొదటి దెబ్బకే రేకు కావలసినదానికంటే ఎక్కువ సాగింది. సాగిన రేకు ఎక్కడా కుదురుగా నిలబడదు. వేలితో నొక్కితే డబ్బా మూతలా టక్కున లోపలికి పోతుంది, వదిలితే టక్కున బయటికి వస్తుంది. చిన్న చిన్న చుక్కలుగా ఎర్రగా కాల్చి, తడిగుడ్డ అద్ది, సాగిన చోట బిగించే పద్ధతి ఒకటుంది. అదీ చేశాడు. ఒక చోట బిగిస్తే ఇంకో చోట టక్కుమంది. మొదటి ముక్క అవతల పారేశాడు. రెండోది పారేశాడు. శనివారానికి మూడోది, ఇక గతిలేక దాన్నే అతికించాడు. తేలిక సుత్తి పట్టుకుంటే చెయ్యి వణికింది. బరువు సుత్తి వణకనివ్వదు, అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు.

ఆదివారం సాయంత్రం నేను మొదటిసారి ఆయన దగ్గరికెళ్లి, ఏమీ ఎత్తిపొడవకుండా పక్కన కూర్చున్నాను. "చేతికి రావట్లేదు పిల్లా," అన్నాడు. "ఎలా కొట్టాలో తెలుసు. చెయ్యి వినట్లేదు." నాకు చాలా భయం వేసింది. ఆ మనిషి గొప్పలు చెప్పుకోవడం మానేస్తే ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు.

సోమవారం డాక్టరు వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. కుడి మడ్‌గార్డు మీద అతుకు వెంబడి వేళ్లు పోనిచ్చాడు. అతుకు నున్నగా ఉంది, ముడత లేదు, పుట్టీ లేదు. వంపు మధ్యలో బొటనవేలితో నొక్కాడు. టక్. ఇంకోసారి నొక్కాడు. టక్.

"మందం సరైనదే సార్," అన్నాడు బావ. "చెయ్యే సరైంది కాదు. నాలుగు నెలలు టైమిస్తే వస్తుంది."

డాక్టరు మడ్‌గార్డు మీద నుంచి చెయ్యి తీశాడు. "నాకు డెబ్బై రెండు మేస్త్రి గారూ," అన్నాడు. "ఏడు కార్లు తిరిగి రోడ్డెక్కడం చూడాలి. ఆగలేను." మైక్రోమీటరుని మాత్రం పెట్టెతో సహా బావకే వదిలేసి వెళ్లాడు.

నెల తిరక్కుండా బావ రోడ్డు దాటాడు. మెడలో తాడు, తాడుకి బిళ్ల. ఆకుపచ్చ కారు అక్కడికే వచ్చింది. కంపెనీవాళ్లు రేకు జోలికే పోలేదు. మడ్‌గార్డులు రెండూ పీకి అవతల పడేసి, ఫైబరువి తెప్పించారు. వాటిని బిగించమని చెప్పింది మా బావకే. ఒక్కోదానికి ఆరు బోల్టులు. పావుగంట పని.

కానీ రోజూ మధ్యాహ్నం భోజనం వేళ ఇటు వచ్చేవాడు. వాళ్లిచ్చేది అరగంట. అయిదు నిమిషాల్లో తినేసి, తక్కినదంతా ఇరవై గేజు ముక్కలు కొట్టేవాడు. ఎందుకీ పిచ్చి అని పెయింటరు నవ్వేవాడు, వాడితో కలిసి నేనూ నవ్వేదాన్ని. అరవైకి దగ్గరపడి అ ఆలు దిద్దుకుంటున్నట్టుందని మొహం మీదే అన్నాను. ఆయన పట్టించుకోలేదు. టక్ టక్‌మనే ముక్కలు గోడ పక్కన నడుం ఎత్తు పేరుకున్నాయి. మెల్లమెల్లగా దెబ్బ చప్పుడు మారడం మాత్రం నేను కుడుతూ విన్నాను. మోచెయ్యి తగ్గి మణికట్టు వినబడటం మొదలైంది.

అయిదో నెలలో ఒక రోజు ఒక ముక్క తెచ్చి నా మిషను మీద పెట్టాడు. మడ్‌గార్డు పై వంపు. సగం పాత రేకు, సగం కొత్తది. అతుకు ఎక్కడుందో వెతికాను, దొరకలేదు. బొటనవేలితో మధ్యలో నొక్కాను. చప్పుడు లేదు. అంచున నొక్కాను. చప్పుడు లేదు.

"ఎలా ఉంది?" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన నాకు చెప్పడమే తప్ప నన్ను అడగడం అదే మొదలు.

నా నోటికి అలవాటైన వెటకారం ఒక్కటీ రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పోయిన మనిషి మీద, మా నాన్న మీద, జీవితంలో మొదటిసారి కోపం వచ్చింది.

"చాలా బాగుంది బావా," అన్నాను. "ఏ బండికి?"

అనకుండా ఉండాల్సింది. బావ షెడ్డు ముందు భాగం కేసి చూశాడు. అక్కడ నూనె మరకలు తప్ప ఏమీ లేవు. ముక్కని మిషను మీద నుంచి తీసి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు చేతిలోనే పట్టుకుని, చివరికి తక్కినవాటి పక్కనే గోడకి ఆనించాడు. తర్వాత మెడలో తాడు వేసుకుని, బంపర్లు విప్పడానికి రోడ్డు దాటాడు.